ఎదురు కొట్టు

మా తమ్ముడి పడవని మా మరదలు ‘నా సవతి’ అంటుంది. 2025 అక్టోబరులో నేను మేరీలాండులో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, “మా సవతిని చూసొస్తారా వదినా? నన్ను మాత్రం రమ్మనకండి” అంటూ డబ్బాలో పులిహోర పెట్టిచ్చి, తను హాయిగా ఇంట్లో ఉండిపోయింది. ఎంత తెలివైనదో నాకు మధ్యాహ్నానికి గానీ అర్థం కాలేదు.

అనపోలిస్ ఊరిని ఆనుకుని చీసపీక్ అఖాతం. చూస్తే సముద్రమే అనిపిస్తుంది గానీ సగటు లోతు 21 అడుగులేనట. మా పుట్టింటి నుయ్యి అంతకంటే లోతు! “ఇంతేనా?” అన్నాను ధీమాగా. “లోతు తక్కువైతేనే భయం అక్కా” అన్నాడు వాడు.

చుక్కాని దగ్గర చిన్న టీవీలాంటి తెర. అందులో నీలం, తెలుపు రంగుల్లో పటం, పటం నిండా అంకెలు. ఆ అంకెలే లోతులు. తపాలా బిళ్ళంత కార్డు లోపల దోపితే ఈ అఖాతం అంతా తెరమీద కొస్తుంది. ఆ అంకెల్ని నమ్ముకుని వెళ్తూ, మా పెద్దమ్మ కూతురి పెళ్ళి సంగతులు చెప్పుకుంటూ ఒక పాయలోకి తిరిగాం. తెరమీద 6 అడుగులని ఉంది. పడవ మెత్తగా, ఎవరో వెనకనుంచి కొంగు పట్టుకున్నట్టు ఆగిపోయింది. బురద!

కార్డు మూడేళ్ళ నాటిది. ఈలోగా మేట జరిగింది.

“అడుగున ఎంత నీళ్ళున్నాయో చెప్పే యంత్రం లేదుట్రా?” అన్నాను. ఉందిట. కానీ అది పడవ కింద ఎంతుందో చెబుతుంది. ముందు ఎంత ఉండబోతోందో పటమే చెప్పాలి. వాడు ఇంజను వెనక్కి తిప్పితే బురద పైకి లేచింది గానీ పడవ కదల్లేదు. పాటు నడుస్తోంది. అక్కడ ఆటుపోట్ల తేడా మహా అయితే అడుగు. ఆ అడుగు నీరు తిరిగొచ్చేదాకా కూచోవలసిందే. గాలి లేచింది, చలి. వాడికి మందు వేసుకునే వేళ దాటిపోతోంది, సీసా ఇంట్లో ఉంది. నేను పైకి నవ్వుతున్నానే గానీ లోపల వెయ్యి దేవుళ్ళకు మొక్కుకున్నాను.

“కార్డు ఎందుకు మార్చలేదురా?”

“కోపం వచ్చి.”

పులిహోర తింటూ ఆ కోపం కథ విన్నాను. ఈ పటాల వ్యాపారం మొదట ఇటలీలో ఒకే ఇంట్లో పుట్టింది. 1984లో కార్నెవాలి, బియాంకెట్టి అనే ఇద్దరు నావియోనిక్స్ పెట్టి పడవలకు ఎలక్ట్రానిక్ పటం తయారుచేశారు. మరుసటి ఏడే బియాంకెట్టి వేరుపడి సీమ్యాప్ పెట్టాడు. అన్నదమ్ములు విడిపోయి ఎదురెదురు కొట్లు తెరిచినట్టన్నమాట. చాలాకాలం పడవలవాళ్ళకి అదే మేలయింది. 2017లో నావియోనిక్స్‌ని గార్మిన్ కొనేసింది. గార్మిన్ తెరలూ అమ్ముతుంది, అంతకుముందే దానికి సొంత పటాలూ ఉన్నాయి. సీమ్యాప్ చేతులు మారి మారి నావికో అనే తెరల కంపెనీలో చేరింది. ఆ నావికోని 2021లో బ్రన్స్‌విక్ కొంది. మెర్క్యురీ ఇంజన్లు, సీ రే పడవలు చేసేది ఆ బ్రన్స్‌విక్కే. పడవా వాళ్ళదే, ఇంజనూ వాళ్ళదే, దారి చూపే పటమూ వాళ్ళదే! ఇంకా ఒకరిద్దరు లేకపోలేదు గానీ, ఒక కంపెనీ మిక్సీకి ఇంకో కంపెనీ జారు పట్టదు చూడండి, అలా ఒకరి కార్డు ఇంకొకరి తెరకి పట్టకపోవడం మామూలే.

మావాడు కొనే కార్డు కంపెనీ కూడా (పేరెందుకు లెండి) ఇలాగే చేతులు మారింది. కొత్త యజమానులొచ్చాక పాత పద్ధతి తీసేసి ఏటేటా చందా అన్నారట. వీడికి మండిపోయింది. కట్టనన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, దుత్తలో కూచున్నది మాత్రం వీడూ నేనూ.

మా వీధిలో ఇలాంటిదే జరిగింది. ఎదురెదురుగా రెండు కిరాణా కొట్లుండేవి. కందిపప్పు ధర నచ్చకపోతే సంచీ చంకన పెట్టి రెండడుగులు అటువైపు వేసేదాన్ని. అంతే, “రండమ్మా, మీ మాటే కానివ్వండి” అని వెనక్కి పిలిచేవాడు. మన బేరమంతా ఆ రెండడుగుల్లోనే ఉంది కదండీ! పెద్దాయన పోయాక ఆ కొట్టు కూడా ఇతనే తీసుకున్నాడు. మనిషి మంచివాడే, తూకం సరిగ్గానే ఉంటుంది. కానీ ఇప్పుడు నేను అడుగులు వేస్తే అతను తలెత్తి చూడడు.

చిత్రమేమిటంటే అసలు లోతులు కొలిచేది అక్కడి ప్రభుత్వమే. 1807లో, జెఫర్‌సన్ కాలంలో మొదలైన తీర సర్వే అది. ఆ పటాలు ఇప్పటికీ ఉచితం. పాత పద్ధతి కాగితం పటాలని మాత్రం 2019లో ఆపేస్తామని ప్రకటించి 2025 జనవరికల్లా తీసేశారు. కావాలంటే మనకి కావలసిన మేరకు మనమే అచ్చు వేసుకోవచ్చు. “మరి అదెందుకు వేసుకోలేదురా?” అంటే తమ్ముడు మాట్లాడలేదు. కంపెనీల మీద నాకు జాలి లేదు గానీ, ఆ పూట తప్పులో సగం మావాడి బద్ధకానిదే.

చిన్నప్పుడు గోదావరి మీద లాంచీలో వెళ్తుంటే ముందు కొసన ఒక కుర్రాడు వెదురు గడ నీళ్ళలో దింపి, లోతెంతో కేక వేసి చెప్పేవాడు. సరంగు ఆ కేకని బట్టి తిప్పేవాడు. ఆ మాట చెబితే తమ్ముడు నవ్వలేదు, పడవలో గడ లాంటిదేమైనా ఉందేమోనని వెతికాడు. లేదు.

నాలుగున్నరకి పడవ దానంతటదే కాస్త ఊగింది. ఆ ఊగడం ఉందే, పురిటి గదిలోంచి బిడ్డ ఏడుపు వినిపించినట్టుంది.

ఇంటికి చేరేసరికి మరదలు గుమ్మంలోనే ఉంది. మందు సీసా చేతిలో ఉంది. ఒక్క మాట అనలేదు. రాత్రి భోజనాలయ్యాక వాడు కంప్యూటరు ముందు కూచుని, గొణుక్కుంటూ చందా కట్టాడు. ప్రభుత్వం వారి పటం కూడా నాలుగు కాగితాల మీద అచ్చు తీసి అతికించాడు.

మర్నాడు పొద్దున్న లేచి చూస్తే మరదలు పెరటి మెట్ల మీద కూచుని, నేల తుడిచే కర్రకి అడుగు అడుగుకీ గోళ్ళరంగుతో ఎర్రగా గీతలు గీస్తోంది. “మా సవతికి సారె వదినా” అంది తలెత్తకుండా.