బట్ట వెళ్లిన రేవులు

ధర్మపురికి సముద్రం లేదు. మాకు తెలిసిన పెద్ద నీళ్లు హొగేనక్కల్ దగ్గర కావేరివి, మేమెక్కిన పడవ అక్కడి గుండ్రటి పరిసల్. మా ఊళ్లో చరిత్ర అంటే అధియమాన్ కథ, ఔవైయార్‌కు ఆయనిచ్చిన ఉసిరికాయ, ఆ తర్వాత ఇక్కడ కాపురమున్న మన్రో దొర. డచ్చివాళ్ల మాట ఎవరి నోటా రాదు.

మా ఇంట్లో మాత్రం చిన్నాయన వల్ల వచ్చింది. తాతల కాలం నుంచీ గుంట మగ్గం మీద బతికిన కుటుంబం మాది. మోకాళ్లు సహకరించినంత కాలం నేసి, మానేశాక ఆయన పుస్తకాలు పట్టాడు. 1602లో పుట్టిన డచ్చి కంపెనీకి కావలసినవి లవంగం, జాజికాయ. అవి దొరికే దీవుల్లో జనం అడిగింది మన తీరపు బట్ట. ఇక్కడి బట్ట కొంటేనే అక్కడి లవంగం దక్కేది. అందుకే మొలుక్కా దీవులకు కోరమాండల్ ఎడమచెయ్యి అని 1612లోనే ఒక డచ్చి అధికారి తన పైవాళ్లకు రాశాడు. ఇది చదివాక చిన్నాయన ఊరుకోలేదు. "మన పడుగూ పేకా ఎక్కడెక్కి పోయినాయో చూడాల్రా అబ్బీ" అన్నాడు. వారం రోజులు చేతిలో పెట్టుకుని బయల్దేరాం.

మొదట నాగపట్నం. 1658లో పోర్చుగీసువాళ్ల దగ్గర గుంజుకుని, 1690లో డచ్చివాళ్లు తమ తీరపు రాజధానిని ఇక్కడికి మార్చారు. 1781లో ఇంగ్లీషువాళ్లు పట్టుకునేదాకా అది వాళ్లదే. ఒకప్పుడు వాళ్ల పెద్ద కోట ఉన్న ఊళ్లో మాకు కళ్లకు ఆనింది చేపల రేవు, వరసగా మరపడవలు. 2004 సునామీ గురించి టీకొట్టు ఆవిడ చెబుతుంటే మూడొందల ఏళ్ల కిందటి సంగతులు అడగడానికి మాకు నోరు రాలేదు.

సద్రాస్‌లో కోట ఉంది. కల్పాక్కం అణు కేంద్రం పక్కనే, సముద్రం ఎదురుగా, విరిగిన ఇటుక గోడలు. లోపల ధాన్యపు కొట్లు, చెక్కడాలున్న సమాధులు. సన్నటి మస్లిన్లు ఈ రేవు నుంచి వెళ్లేవి. చిన్నాయన సమాధులను పెద్దగా పట్టించుకోలేదు. బట్ట బేళ్లు ఎక్కడ పెట్టేవాళ్లు, వాన తడి తగలకుండా ఏం చేసేవాళ్లు అని కాపలాదారును అడిగాడు. అది పలకల మీద రాసి ఉండదు. ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను. కోట కట్టిన ఏడాది, కూల్చిన ఏడాది రాసి, అది దేనికోసం కట్టారో రాయకపోతే చూడవచ్చిన పిల్లలకు ఏం తెలుస్తుంది?

పులికాట్‌లో రెండు రోజులున్నాం. 1610లో విజయనగర రాజు వెంకటపతిరాయల అనుమతితో డచ్చివాళ్లు ఇక్కడ దిగారు. 1613 నాటికి గెల్డ్రియా కోట లేచింది. నాణేల ముద్రణశాల, తుపాకిమందు కార్ఖానా కూడా ఇక్కడే నడిచాయి. ఇప్పుడు కోట జాగాలో ముళ్లకంప, నీళ్లు నిలిచిన కందకం. శ్మశానం మాత్రం పదిలంగా ఉంది. ద్వారానికి అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు, లోపల నల్లరాతి పలకల మీద కుటుంబ చిహ్నాలు, ఓడలు, పొడుగాటి పేర్లు.

సాయంత్రం ఒక జాలరి తన తెరచాప పడవలో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. తమిళంలో మొదలుపెట్టి, మా మాట విని తెలుగులోకి వచ్చాడు. వాళ్లమ్మగారిది తడ వైపు. సముద్రపు గాలి అందుకోగానే చాప నిండింది, చప్పుడు లేకుండా పడవ కదిలింది. చిన్నాయన చాప గుడ్డ పట్టుకుని చూశాడు. కుట్లు కుట్లుగా అతికిన ప్లాస్టిక్ పట్టా అది. ఏమీ అనలేదు, కానీ చాలాసేపు వదల్లేదు. సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గరకొచ్చేసరికి గడకర్ర సగం కూడా మునగడం లేదు. ఇసుక మేట వేసి మొగ పూడుకుపోతోందనీ, తవ్వించమని అడిగి అడిగి అలిసిపోయామనీ జాలరి చెప్పాడు. డచ్చి ఓడలకూ ఇదే చిక్కు. లోతు చాలక అవి బయట సముద్రంలోనే లంగరు దించేవి. కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో బేళ్లు అలలు దాటి వెళ్లేవి. మేకులు కొట్టిన పడవైతే ఆ అలల దెబ్బకు విచ్చిపోయేది. అక్టోబరులో తుపానుల కాలం రాకముందే ఓడలు తీరం వదిలేవి.

ఆ పడవల్లో మనుషులూ వెళ్లారు. 1620ల నుంచి కంపెనీ ఇక్కడ కొన్నవాళ్లను బటావియాకు పంపింది. 1659 తర్వాత తంజావూరు సీమలో కరువు వచ్చినప్పుడు తిండిలేక అమ్ముడుపోయినవాళ్లు నాగపట్నం వైపు నుంచి వేల సంఖ్యలో ఓడలెక్కారు. నేనిది చెబితే చిన్నాయన నన్ను ఆపి, "నేసేవోళ్లూ ఉంటారు గదరా అందులో" అన్నాడు. ఉండే ఉంటారు. బియ్యం ధర పెరిగితే మగ్గమే ముందు ఆగేది.

మచిలీపట్నం మా చివరి రేవు. 1605లో డచ్చివాళ్లు మొదట ఓడ ఆపిన చోటు, గోల్కొండ వాళ్ల గొప్ప బందరు. 1864 నవంబరు ఉప్పెన ముప్పై వేల మందిని మింగాక ఆ వైభవం తిరిగి రాలేదు. వలందపాలెం పేరులో డచ్చివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల సమాధులు చూసి వెంటనే పెడన వెళ్లాం, అక్కడికి వెళ్లాలన్నది ఆయన పట్టు.

పెడనలో కలంకారీ అద్దకం. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో బట్ట ముంచి ఆరబెట్టారు. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన నలుపు, పటికతో పట్టే ఎరుపు. టేకు అచ్చు దించి గుప్పిటతో గుద్దుతుంటే ఆ లయ మా మగ్గాల చప్పుడుకు దగ్గరగా ఉంది. డచ్చివాళ్ల నాడు ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. చిన్నాయన పరచిన బట్ట అంచు వేళ్ల మధ్య నలిపి, "ఎన్ని పుంజాలయ్యా?" అని అడిగాడు. పుంజమంటే నూట ఇరవై పోగులు. కంపెనీ లెక్కల్లోనూ బట్ట నాణ్యం పుంజాల్లోనే ఉండేది. తగ్గితే రెండో రకమనేవాళ్లు, ఇంకా తగ్గితే వెనక్కి కొట్టేవాళ్లు. అప్పటికే బయానా తిన్న నేతగాడి మీద ఆ అప్పు అట్లాగే నిలిచిపోయేది.

"మిల్లు బట్టండి బాబాయిగారూ. చేనేత మీద అద్దితే ఆ ధరకి కొనేవాళ్లు రావట్లేదు" అన్నాడు అద్దకం అతను.

"నేనొక తాను పంపిస్తే అద్దుతావా?"

"ఎందుకు అద్దనండీ!"

జగన్నాథపురం, భీమిలి మిగిలిపోయాయి. 1825లో డచ్చివాళ్లు ఇంగ్లీషువాళ్లకు ఒప్పజెప్పిన రేవులు అవి కూడా. భీమిలి సమాధులు చూడకుండా ఎట్లా అని చిన్నాయన రైల్లో దారి పొడుగునా గొణిగాడు. సంక్రాంతి దాటాక వెళ్దామని మాటిచ్చాను. ఈలోగా పక్కవీధిలో ఇంకా ఆడుతున్న మగ్గం మీద, తన లెక్క ప్రకారం, పెడనకు పంపాల్సిన తాను వేయిస్తున్నాడు.