అప్ప చేతికి సరిపోయే తుపాకీ

ఇలాంటి విషయం మీద ఒక టపా రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. తుపాకీలంటే నాకు ఆసక్తి లేదు, పైగా భయం. ఈ రాతకు కారణం మా అప్ప. (మా శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అనే పిలుస్తాం. తక్కిన ప్రాంతాల మిత్రులు మన్నించాలి.)

అప్ప ఆమదాలవలసలో ఒక పెట్రోలు బంకు నడుపుతోంది. బావ పోయి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళూ రాత్రి తొమ్మిది దాటాక లెక్క చూసుకుని, డబ్బు సంచి స్కూటరు ముందుభాగంలో పెట్టుకుని ఒంటరిగా ఇంటికి వస్తోంది. ఇప్పుడు సగం మంది ఫోనుతోనే చెల్లిస్తున్నా, లారీల వాళ్ళు, పల్లెల నుంచి వచ్చేవాళ్ళు నోట్లే ఇస్తారు. నిరుడు ఒక రాత్రి రైల్వే స్టేషను దగ్గరనుంచి (పేరు శ్రీకాకుళం రోడ్ అయినా అది ఉన్నది ఆమదాలవలసలోనే) ఇద్దరు మోటారుసైకిలు మీద ఆమె వెనకే వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయారు. మర్నాడూ వచ్చారు. ఏమీ చేయలేదు, ఏమీ అనలేదు. మూడోనాడు పొద్దున్నే నాకు ఫోను.

"ఒరే తమ్ముడూ, నాకో తుపాకీ కావాలి. చిన్నది. సంచీలో పట్టాలి. పేలిస్తే చెయ్యి ఎగిరిపోకూడదు. నువ్వు పిల్లలకు ఫిజిక్సు చెప్తావు కదా, ఏది మంచిదో చూసి చెప్పు."

నవ్వబోయి ఆగిపోయాను. ఆ గొంతులో వేళాకోళం లేదు.

చదవడం మొదలుపెట్టాక తెలిసినదేమిటంటే, మన దేశంలో ఈ ఎంపిక అమెరికావారి ఎంపిక వంటిది కాదు. అక్కడ అంగడికి వెళితే వంద రకాలు. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం కింద సైన్యం, పోలీసులు వాడే కొలతలు, అంటే 9 మిల్లీమీటర్లు, .38, .455 వంటివి, మామూలు పౌరులకు నిషిద్ధం. 1980ల నడుమ నుంచి విదేశీ తుపాకీల దిగుమతి కూడా దాదాపు ఆగిపోయింది. అందుకే తాతలనాటి వెబ్లీలు, కోల్టులు ఇప్పటికీ బంగారం ధర పలుకుతాయి. కొత్తది కొనాలంటే ప్రధానంగా మిగిలేది .32 కొలత. చిన్నచేతులవాళ్ళ కోసమని కాదు గానీ, చట్టం తెలియకుండానే అప్పకు ఒక మేలు చేసింది: ఆ తూటా స్వభావంచేతనే మెత్తనిది.

ఎంత మెత్తనిదో లెక్క వేశాను (అలవాటు మానదు కదా). రివాల్వరులో వాడే .32 తూటా గుండు బరువు ఆరు గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు రెండువందల మీటర్ల పైచిలుకు. ఆ రెంటినీ గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం, సైనికుల 9 మిల్లీమీటర్ల తూటాతో పోలిస్తే రమారమి సగం. గుండు ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతుందో, తుపాకీ అంతే ద్రవ్యవేగంతో వెనక్కి చేతిని తన్నుతుంది. న్యూటను మూడో సూత్రాన్ని తరగతిలో పడవ మీదినుంచి దూకే మనిషిని చూపించి చెబుతుంటాను. ఈసారి పడవ స్థానంలో అప్ప మణికట్టు ఉంది.

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూరులోని ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ఆడవారి కోసమంటూ "నిర్భీక్" అనే .32 రివాల్వరును విడుదల చేసింది. టైటానియం మిశ్రలోహం, ఆరు తూటాలు, బరువు అర కిలో. అప్పటి ధర 1,22,360 రూపాయలు. నగల పెట్టె వంటి ఎర్రటి పెట్టెలో పెట్టి ఇచ్చేవారట. అదే కొలతలో పాత మార్క్ 3 రివాల్వరు 700 గ్రాముల దాకా తూగుతుంది. ఆడవారికి తేలికైనదే అనువని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కానీ ఒకే తూటా పేలినప్పుడు అర కిలో తుపాకీ, 700 గ్రాముల దానికంటే నలభై శాతం ఎక్కువ వేగంతో వెనక్కి వస్తుంది. మోయడానికి తేలికైనది పేల్చడానికి బరువు. కాకపోతే తూటాయే చిన్నది గనుక రెండూ భరించదగినవే. ఈ మాట చెబితే అప్ప అంది: "లెక్క బాగుంది గానీ, ఓసారి పట్టుకుని చూడాలిరా."

విశాఖపట్నం వెళ్ళాం. దుకాణం యజమాని పెద్దాయన. లైసెన్సు లేనిదే అమ్మనని ముందే చెప్పి, రెండు ఖాళీ తుపాకీలు, రెండుసార్లు తెరిచి చూపించాకే, బల్ల మీద పెట్టాడు. ముందుగా నిర్భీక్. అప్ప చీర కొంగు నడుముకు దోపుకుని చేతిలోకి తీసుకుంది. పిడి సరిగ్గా సరిపోయింది. గోడవైపు గురిపెట్టి ట్రిగ్గరు నొక్కమన్నాడాయన. అప్ప నొక్కింది. కదలలేదు. మళ్ళీ నొక్కింది. చూపుడువేలి కణుపు తెల్లబడింది, గొట్టం కొన ఊగిపోయింది, చివరికి "టక్" మంది. అప్పటికి గురి గోడ వదిలి కిటికీ దాకా పోయింది.

ఇన్ని రోజులూ నేను తన్ను గురించే లెక్కలు వేశాను. తన్ను గుండు వెళ్ళిపోయాక వచ్చేది. అంతకుముందు వేలికి ఉండవలసిన బలం గురించి ఆలోచించనే లేదు! బొటనవేలితో పైనున్న సుత్తిని ముందే వెనక్కి లాగితే ట్రిగ్గరు తేలికవుతుందని పెద్దాయన చూపించాడు. అది అప్పకు వచ్చింది. "కానీ అమ్మా," అన్నాడాయన, "మీరు స్కూటరు మీద పోతుంటారు. రెండు చేతులూ హ్యాండిలు మీదే. ఇది సంచీలో. వాళ్ళు ఎప్పుడు మీద పడాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు." అమ్ముకోవలసినవాడు ఆ మాట అన్నాడు. నాకాయన మీద గౌరవం కలిగింది.

తిరుగు రైల్లో అప్ప మాట్లాడలేదు. విజయనగరం దాటాక తాతయ్య సంగతి ఎత్తింది. ఏజెన్సీ అంచున మా పూర్వుల ఊరు. తాతయ్యకు ఒంటిగొట్టం తుపాకీ ఉండేది, పంట మీద పడే పందుల కోసం. 1969 ప్రాంతంలో, శ్రీకాకుళం ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు, దళాలు భూస్వాముల ఇళ్ళలోంచి తుపాకీలు పట్టుకుపోతుండేవి. తాతయ్య తనంతట తనే దాన్ని తీసుకుపోయి పోలీసు ఠాణాలో అప్పగించి, రశీదు మడిచి పంచాంగంలో పెట్టుకున్నాడట. ఇంట్లో అది ఉన్నన్నాళ్ళూ నిద్రపట్టలేదని, ఇచ్చేశాకే పట్టిందని నాయనమ్మ చెప్పేది. అప్ప ఆ కథ ఎందుకు ఎత్తిందో నేను అడగలేదు. ఆమె ఇంట్లో ఆరేళ్ళ మనవడున్నాడు. వాడికి తెరవరాని పెట్టె లేదు.

అయినా దరఖాస్తు పెట్టింది. కలెక్టరుగారే లైసెన్సు ఇవ్వవలసిన అధికారి. పోలీసు విచారణ, ఆయుధం వాడకంలో శిక్షణ, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు, 2016 నాటి నియమాల ప్రకారం అన్నీ కావాలి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది. షరతులు చదువుతుంటే అప్ప ఒకచోట ఆగింది: జాతరలకు, ఊరేగింపులకు తీసుకుపోరాదు. "మరి అమ్మవారి సంబరం నాడు? ఆరోజే బంకులో డబ్బెక్కువ." నా దగ్గర జవాబు లేదు. ఎన్నికలు వస్తే ఠాణాలో అప్పగించమంటారని కూడా చెప్పాను. "అంటే దొంగలకు ఎన్నికల సెలవు ఉండదు, నాకు ఉంటాది" అంది.

మా చుట్టాల్లో ఒకాయన "ఆడకూతురికి తుపాకీ ఏటి, ఆ బంకు అమ్మేయమను" అన్నాడు. ఆ మాటకు వచ్చినంత కోపం ఆ మోటారుసైకిలు వాళ్ళమీద కూడా రాలేదు నాకు.

ఈలోగా అప్ప చేసిన పనులు చెబుతాను. డబ్బు లెక్క సాయంత్రం నాలుగింటికే కట్టి, వెలుగుండగానే బ్యాంకుకు పంపుతోంది. రాత్రి సంచీలో టిఫిను డబ్బా తప్ప ఏమీ ఉండదు. ఆ సంగతి బంకులో నలుగురికీ వినబడేలా చెబుతోంది. వీధి మలుపున దీపం వేయించింది. స్కూటరు వెనక, డ్యూటీ దిగిన కుర్రాడొకడు సైకిలు మీద వస్తాడు. ఆ ఇద్దరూ మళ్ళీ కనబడలేదు.

దరఖాస్తు మాత్రం వెనక్కి తీసుకోలేదు. కిందటి ఆదివారం వెళ్ళినప్పుడు చూశాను. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, మనవడి రబ్బరు బంతి కుడిచేత్తో పట్టుకుని, చూపుడువేలితో నొక్కుతోంది, వదులుతోంది.

"ఎంతవరకొచ్చింది అప్పా?"

"నూటయాభై దాకా నొక్కగలుగుతున్నాను. నెల కిందట నలభైకే వేలు లాగేసేది," అంటూ, డీజిలు కోసం వచ్చిన ట్రాక్టరుకు చిల్లర ఇవ్వడానికి బంతిని ఎడమచేతిలోకి మార్చుకుంది.