ఘగ్గర్ వెంట తొలి పట్టణాలు

హిమాచల్‌లోని శివాలిక్ కొండల్లో పుట్టే ఘగ్గర్‌కు మంచుకొండల నీళ్లు రావు. మన పెన్నలాగే వానలను నమ్ముకున్న నది. పంచకుల దగ్గర మైదానంలోకి దిగి, పంజాబ్, హరియాణా పొలాల మీదుగా పడమరకు సాగుతుంది. ఒకప్పుడు సట్లెజ్ ఈ దారినే పారేది. అది తప్పుకుని దాదాపు 8,000 ఏళ్లయిందని 2017లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అంటే హరప్పా నాటి జనం ఇక్కడ పట్టణాలు కట్టుకున్నది పెద్ద నది వదిలి వెళ్లిన లోయలో, వానపాయ గట్టున.

అలాంటి పట్టణాల్లో ఒకటైన, హరియాణాలోని బనావలి దిబ్బను 1974లో ఆర్.ఎస్. బిష్త్ తవ్వడం మొదలుపెట్టారు. అక్కడ కాల్చిన మట్టితో చేసిన నాగలి బొమ్మ దొరికింది. ఆ కాలపు చాళ్లు దొరికిన చోటు చూడాలంటే ఇంకా దిగువకు, ఓటు బ్యారేజీ దాటి రాజస్థాన్‌లోని కాలీబంగన్‌కు వెళ్లాలి.

బి.బి. లాల్, బి.కె. థాపర్‌ల ఆధ్వర్యంలో 1960 నుంచి 1969 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. ఊరికి ఆగ్నేయాన సుమారు 4,800 ఏళ్ల నాటి దుక్కి బయటపడింది. తూర్పు పడమరలుగా 30 సెంటీమీటర్ల ఎడంతో దగ్గర చాళ్లు, వాటికి అడ్డంగా 1.9 మీటర్ల ఎడంతో దూరపు చాళ్లు. అక్కడి రైతులు తవ్వకాల నాటికీ అలాగే దున్ని, ఒకదాంట్లో ఆవాలు, మరోదాంట్లో పప్పుధాన్యం వేస్తున్నారు.

క్రీ.పూ. 2600 ప్రాంతంలో భూకంపం వచ్చి తొలి ఊరు పాడుపడింది. కొంతకాలానికి కట్టిన కొత్త పట్టణంలో ఇటుక కొలతలు మారాయి: 3:2:1 పోయి 4:2:1 వచ్చింది. వీధుల వెడల్పు 1.8, 3.6, 5.4, 7.2 మీటర్లు, అన్నీ ఒకే కొలతకు గుణిజాలు. బండ్లు ఒరుసుకుని గోడలు చెడకుండా మలుపుల్లో కర్ర గుంజలు పాతారు. ఇంటి మురుగునీరు వీధిలో పూడ్చిన కుండల్లోకి పోయి ఇంకేది. గోడ నాదైనా వీధి అందరిదన్న కట్టుబాటు లేకుంటే ఇవేవీ నిలవవు.

కాలీబంగన్ దిగువన నది ఇసుకలో ఇంకిపోతుంది. దాని పాత జాడే పాకిస్థాన్‌లో హక్రా. సుమారు 4,000 ఏళ్ల కిందట వానలు సన్నగిల్లాక ఈ పట్టణాలు ఖాళీ అయ్యాయి, జనం తూర్పుకు జరిగారు.

తవ్వకాల తర్వాత ఆ దుక్కిని మళ్లీ మట్టితో పూడ్చి, చుట్టూ కాంక్రీటు స్తంభాలు నాటారు. కాలీబంగన్ వెళ్తే మ్యూజియంతో సరిపెట్టుకోకండి. ఆ స్తంభాల దాకా నడవండి. అక్కడి తొలి ఊరికి తిండి పెట్టింది ఆ నేలే.