బురుజు నీడన కాసేపు

వచ్చే ఆదివారం ఏం చేస్తున్నారండీ? పనేమీ లేకపోతే ఒకసారి గోల్కొండ వెళ్లి రండి. ‘ఎన్నిసార్లు చూడలేదూ’ అంటారని తెలుసు. మన రాంనగర్, చిక్కడపల్లి ఇళ్లలో ఊరి నుంచి చుట్టాలు దిగితే చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ చూపించడం ఆనవాయితీ. ఫతే దర్వాజా దాటి, బాలాహిసార్ గుమ్మం దగ్గర చప్పట్లు కొట్టి, రామదాసు చెర చూసి, కొండెక్కి ఫొటో దిగి వచ్చేస్తాం. ఈసారి కొండ ఎక్కకపోయినా ఫర్వాలేదు, బురుజులు చూసి రండి. కోట అసలు ప్రాణం వాటిలోనే ఉందని నా నమ్మకం.

బయటి గోడ పొడవునా 87 బురుజులు. గోడ ఎత్తు 17 నుంచి 34 అడుగుల దాకా ఉంటే, బురుజులు 50, 60 అడుగులు లేస్తాయి. దాదాపు అన్నీ అర్ధచంద్రాకారంలో గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చినవే. ఎందుకలా? ఓరుగల్లు కోట చూసినవాళ్లు గుర్తు చేసుకోండి. గణపతిదేవుడు, రుద్రమదేవి కట్టించిన ఆ రాతిగోడకు 45 బురుజులున్నాయి, అవన్నీ నలుపలకలుగానే ఉంటాయి. అప్పటికి మన నేల మీద ఫిరంగి లేదు. బాణాలకూ, నిచ్చెనలేసి గోడెక్కేవాళ్లకూ ఆ ఆకారం సరిపోయింది. ఇనపగుండు వచ్చాక లెక్క మారింది. నలుపలక బురుజు మూలకు గుండు తగిలితే బెల్లం అచ్చు అంచులా విరిగిపడుతుంది. గుండ్రటి ముఖానికి తగిలితే చాలాసార్లు పక్కకు జారిపోతుంది. పైగా పలక బురుజు కిందకు చేరిన శత్రువు పక్క బురుజులోని కాపలావాడి కంట పడకుండా నక్కి ఉండగలడు. గుండ్రటి బురుజు కింద అలా దాక్కోవడానికి చోటు చాలా తక్కువ.

గోల్కొండ కూడా మొదట్లో కాకతీయుల నాటి మట్టికోటే. ముసునూరి కాపయ నాయకుడి చేతిలోంచి బహమనీలకు పోయింది. తర్వాత సుల్తాన్ కులీ, ఆయన కొడుకు ఇబ్రహీం దాన్ని రాతికోటగా పెంచారు. ఆ సంగతులు బడి పుస్తకాల్లో చదువుకున్నవే కనుక వదిలేసి, 1656 దగ్గరికి వద్దాం.

ఆ ఏడాది ఔరంగజేబు మొదటిసారి గోల్కొండ మీదికొచ్చాడు. అప్పటికింకా పాదుషా కాలేదు, దక్కన్ సుబేదారే. లోపల గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా. ముట్టడి సాగుతుండగా మీర్ మీరాన్ అనే మొఘల్ సేనాని కోట మీంచి వచ్చిన గుండు తగిలి చనిపోయాడు. చివరికి షాజహాన్ హుకుంతో, భారీ కప్పం మీద, అబ్దుల్లా కూతురిని ఔరంగజేబు కొడుక్కిచ్చే పెళ్లి ఒప్పందం మీద మార్చి నెలాఖరుకు ముట్టడి ఎత్తేశారు. అబ్దుల్లా ఊపిరి పీల్చుకుని ఊరుకోలేదు. దెబ్బ ఎక్కడ తగలబోయిందో వెతికి పట్టుకున్నాడు. సేనాని మూసా ఖాన్ చేత పెద్ద బురుజు కట్టించాడు. మూసా బురుజు అదే. ఈశాన్యం వైపు కోట బయట మిగిలిపోయిన మిట్ట మీద శత్రువు ఫిరంగి పెడితే ముప్పని, దాన్ని కూడా కలుపుకుంటూ కొత్త గోడ లేపాడు. దాన్నే నయాఖిలా అంటున్నాం. కవులూ సంగీతమూ అంటూ కాలం గడిపిన సుల్తానని అబ్దుల్లాను తేలిగ్గా తీసిపారేసే రాతలు చదివినప్పుడల్లా నాకు ఈ గోడే కళ్ల ముందు నిలుస్తుంది.

ఆ గోడకు అసలు పరీక్ష 1687లో వచ్చింది. అదే ఔరంగజేబు, ఈసారి పాదుషాగా వచ్చాడు. లోపల అప్పటి సుల్తాను తానీషా. సుమారు ఎనిమిది నెలలు నడిచిన ముట్టడిలో మొఘలులు బురుజుల కిందికి సొరంగాలు తవ్వి మందుగుండు కూరారు. లోపలివాళ్లు ఎదురు సొరంగాలు తవ్వుకుంటూ వెళ్లి కొంత మందు ఎత్తుకెళ్లారు, మిగిలిందాన్ని నీళ్లతో తడిపేశారు. నిప్పంటించినప్పుడు పేలుడు వెనక్కి తన్ని, రాళ్లన్నీ దాడికి సిద్ధంగా నిలబడ్డ మొఘల్ సైనికుల మీదే పడ్డాయి. వాన, కరువు, రోగం పాదుషా శిబిరాన్ని పీల్చి పిప్పి చేశాయి. అయినా బురుజులు లొంగలేదు. సెప్టెంబరు 21 రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే కోట సర్దారు లంచం పుచ్చుకుని ఒక చిన్న తలుపు తీశాడు. అలా పోయింది గోల్కొండ. తానీషా సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో పోరాడాడని అందరూ చెప్పుకుంటారు. ఆ సొరంగాల్లో చీకట్లో మందు తోడిపోసినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. నాకు వాళ్ల మీదే మనసు.

బురుజంటే రాజులదే అనుకోకండి. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్యన మట్టితో, రాళ్లతో లేపిన బురుజులు ఇప్పటికీ నిలిచున్నాయి. జనగామ దగ్గర ఖిలాషాపూర్ వెళ్తే సర్వాయి పాపన్న కోట బురుజులు కనిపిస్తాయి. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి బురుజైతే మొన్నమొన్నటి చరిత్రే. రజాకార్ల రోజుల్లో ఊరివాళ్లు దాని మీద కాపలా కాసి, నగారా మోగించి, దాడులు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు పెద్ద బలగంతో వచ్చిపడ్డారు. తొంభై మందికి పైగా ఊరివాళ్లను చంపారు. ఇంకో మూడు వారాలకు నిజాం లొంగిపోయాడు. మూడు వారాలండీ! ఆ తారీఖులు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇన్ని దెబ్బలు కాచుకున్న బురుజుకు ఇప్పుడు ముప్పు వాన నీళ్లతో. బయట రాయి, లోపల మట్టీ రాళ్లూ కూరిన కట్టడం అది. పైన గచ్చు పగిలితే నీరు లోపలికి దిగి, మట్టి ఉబ్బి, రాతి ముఖాన్ని బయటికి నెడుతుంది. ఆ సందుల్లో రావిమొక్క వేళ్లూనుకుందంటే ఇక చెప్పక్కర్లేదు. మొక్క వేలెడంత ఉన్నప్పుడే తీయించి, గచ్చు పగుళ్లు సున్నంతో పూడిస్తే చాలు. కూలిపోయాక మళ్లీ కట్టడంతో పోలిస్తే ఈ ఖర్చు లెక్కలోకే రాదు.

రాంనగర్ గల్లీల్లో వరంగల్, నల్లగొండ, సిద్దిపేటల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎందరో ఉన్నారు. మీ ఊళ్లో బురుజుందా? దాని మీద రాత్రి కాపలా ఎవరు కాసేవారో మీ అమ్మమ్మనో తాతనో అడిగారా? అడిగితే వాళ్లేమన్నారో నాలుగు ముక్కలు రాసి పంపండి, వచ్చే కబుర్లలో మాట్లాడుకుందాం.