రెండు వేళ్ళ ఖాళీ

కారు ఎత్తు తగ్గించుకునేవాళ్ళు ఆ ఎత్తుని వేళ్ళతో కొలుస్తారు. టైరు పైఅంచుకీ, దానిమీద వంపు తిరిగిన ఫెండర్‌కీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయన్నదే లెక్క. మన దగ్గర తిరిగే చాలా కార్లకి నాలుగు వేళ్ళు దూర్చినా ఇంకా చోటు మిగులుతుంది. చూస్తే నాకు పొట్టి ప్యాంటు వేసుకున్న మనిషి గుర్తొస్తాడు. నా పాత పోలోలో ఆ ఖాళీని రెండు వేళ్ళకి తేవాలని మూడేళ్ళుగా కోరిక.

ఆ ఖాళీ ఊరికే వదిలింది కాదు. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, వానాకాలపు గుంతలు, అన్నీ ఒకేరోజు ఎదురవుతాయనుకుని స్ప్రింగు తయారుచేస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచనల్లో స్పీడ్ బ్రేకర్ అంటే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. మా కాలనీలోది ఎత్తులో ఏమీ తగ్గలేదు, వెడల్పు మాత్రం అడుగున్నర.

కాబట్టి లోయరింగ్ స్ప్రింగులు వేయించడమంటే కంపెనీతో ఒక మాట చెప్పడం: నా బతుకు నాకు తెలుసు, నా వెనక సీటు ఖాళీగానే ఉంటుంది. నేను ఆగిపోయింది ఈ మాట దగ్గరే.

అమ్మ పోయి ఏడాదిన్నర. నాన్న నరసరావుపేట దగ్గర మా ఊళ్ళో ఒక్కడే ఉంటున్నాడు. హైదరాబాద్ వచ్చెయ్యమని నేనూ, చూద్దాంలేరా అని ఆయనా ఫోన్లో అనుకుంటూనే ఉన్నాం. ముప్ఫై ఏళ్ళు లారీ తోలిన మనిషి. కాటా ఎక్కకముందే కమాను పట్టీల వంపు చూసి లోడెంతో చెప్పేవాడు. స్ప్రింగుల సంగతి చెప్తే నవ్వాడు. "కూర్చున్న స్ప్రింగుని మార్పించుకుంటారు గానీ, మార్చి మరీ కూర్చోబెట్టుకుంటార్రా?" కాసేపాగి అడిగాడు: "వెనక ఎవరన్నా ఎక్కితే?"

ఎవరెక్కుతారు నాన్నా అనలేకపోయాను.

నేను చూస్తున్నవి 40 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు. అంత దించితే చక్రం పైకి కదిలే జాగా అంత తగ్గుతుంది. బంప్ స్టాపుకి కొట్టుకోకుండా ఉండాలంటే స్ప్రింగు గట్టిపడాలి. తీగ మందం నాలుగో ఘాతంలో పనిచేస్తుంది కాబట్టి, మందం పది శాతం పెరిగితే గట్టిదనం దాదాపు 46 శాతం పెరుగుతుంది. పోలో ముందుభాగంలో మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. అందులో ఇంకో తిరకాసు. మరీ దించితే కింది ఆర్ములు పైకి వాలి, రోల్ సెంటర్ కారు బరువు కేంద్రం కన్నా ఎక్కువగా దిగిపోతుంది. అంటే కిందికి దించిన కారు మలుపులో ఇంకా ఎక్కువ ఒరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది మళ్ళీ స్ప్రింగు గట్టిదనమే. ఆ గట్టిదనం గుంతలో పడ్డప్పుడు తెలిసేది మాత్రం వెనక కూర్చున్నవాళ్ళ నడుముకి.

ఈ లెక్కలన్నీ నాకు ముందునుంచీ తెలుసు. వెనక కూర్చునే మనిషికి మొహం వచ్చాకే అవి లెక్కలోకొచ్చాయి. 25 మిల్లీమీటర్లవి తెప్పించాను.

వేసింది మూసాపేటలో మా మెకానిక్ భాయ్. స్ప్రింగుని కంప్రెసర్‌తో నొక్కి పట్టి స్ట్రట్ పైనట్టు విప్పేటప్పుడు ఎవర్నీ ఎదురుగా నిలబడనివ్వడు. అది జారితే మనిషి ప్రాణానికే ముప్పు. అన్నీ ఎక్కించాక బుష్షుల బోల్టుల దగ్గర ఆగాడు. "ఇప్పుడే టైట్ చెయ్యొద్దు సార్. బండి కిందికి దిగి, దాని బరువు మీద అది నిలబడ్డంక బిగిద్దాం." చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. తొందరగా చిరుగుతుంది, ఎత్తూ సరిగ్గా కుదరదు.

కొలిచింది వేళ్ళతో కాదు, టేపుతో, చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచుదాకా. టైర్లో గాలి తగ్గినా పెరిగినా ఆ కొలత మారదు. మొదటిరోజు 21 మిల్లీమీటర్లు దిగింది. 500 కిలోమీటర్లు తిరిగాక స్ప్రింగులు సర్దుకుని 26 దగ్గర నిలబడింది. వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు అప్పుడే సరిచేయించాను. వెనక ఫెండర్ కింద మూడు వేళ్ళు పడుతున్నాయి.

పోయిన నెల మోకాలి ఆపరేషన్ కోసం నాన్నని తీసుకొచ్చాను. కాలు చాపుకోవాలని వెనక సీట్లో కూర్చున్నాడు. డిక్కీలో బియ్యం మూట, పచ్చడి జాడీలు. బయల్దేరేముందు అలవాటుగా వంగి ఫెండర్ కింద చెయ్యి పెట్టాను. రెండు వేళ్ళే పట్టాయి.

దారిలో స్పీడ్ బ్రేకర్లన్నీ ఆయనే లెక్కపెట్టాడు. ఒక్కటీ కింద తగల్లేదు. "పర్లేదురా" అన్నాడు చిట్యాల దాటాక.

డాక్టరు మూడు వారాలు ఉండమన్నాడు. ఇది ఐదో వారం. ఆ సంగతి ఇద్దరం ఎత్తడం లేదు.