ఎకరన్నర సరుగుడు, ఒక రెండో చదువు

మా అప్ప కూతురు శ్రీకాకుళంలో బీకాం మూడో ఏడాది. మొన్న ఆదివారం ఎచ్చెర్ల వచ్చి తాతకి జంతికల డబ్బా, నాకో తెల్ల కాగితం ఇచ్చింది. కాగితం మీద మూడు వరసలు. నాలుగో ఏడాది ఆనర్స్. దూరవిద్యలో ఇంకో డిగ్రీ. రెండూ వద్దు. “ఏది కొట్టీమంటావు మావయ్యా?” అంది. నన్ను అడిగింది నా ఎంబీఏ మీద గౌరవంతో కాదు. మా ఇంట్లో రెండో చదువు డబ్బు పెట్టి కొన్నవాణ్ని నేనొక్కణ్నే.

మేజరు, మైనరు అనే మాటలు మనకి కొత్త గానీ సంగతి పాతదే. బీఏ అంటే హెచ్‌ఈపీ, బీఎస్సీ అంటే ఎంపీసీనో బీజడ్‌సీనో. మూడు సబ్జెక్టులూ సమానమే, ఏది మేజరని ఎవరూ అడిగేవారు కాదు. 2023-24 నుంచి మన రాష్ట్రంలో ఆ మూడు కాళ్ల పీట పోయి ఒక మేజరు, ఒక మైనరు వచ్చాయి. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకి 160. రెండో మేజరు అనిపించుకోవాలంటే అందులో కనీసం 40 శాతం ఆ సబ్జెక్టుదే కావాలి. మూడేళ్ల డిగ్రీలో అది 48 క్రెడిట్లు. పాఠం చెప్పే క్లాసయితే క్రెడిటుకి 15 గంటలు, అంటే 720 గంటలు. ఈ గంటల్ని ఎవరూ పైనుంచి తెచ్చి కలపరు, ఉన్న 120లోంచే తీస్తారు. కుండలో అన్నం అంతే, కంచాలు రెండు. అందుకే డిగ్రీ లోపల దొరికే రెండో సబ్జెక్టు గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఫీజు పెరగదు, ఏడాది పెరగదు. మా గుంట మైనరుగా ఎకనామిక్స్ తీసుకుంది, తీసుకోనీ. నన్ను భయపెట్టేది ఏడాదిని తినేసే రెండో చదువు.

నా సంగతి. 2010లో బీకాం అయింది, ఇక్కడే ఎచ్చెర్ల క్యాంపస్‌లో ఎంబీఏలో చేరాను. 1977లో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరుగా మొదలైన ఆ ప్రాంగణం 2008లో అంబేద్కర్ యూనివర్సిటీ అయింది. మా ఇంటి నుంచి సైకిలు మీద పావుగంట. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది, మధ్యాహ్నం అన్నానికి ఇంటికే వచ్చేవాణ్ని. అంత చవకగా చదివిన ఎంబీఏ ఇంకొకటి ఉంటుందనుకోను. రెండో ఏడాది రెండు స్పెషలైజేషన్లు తీసుకున్నాను. ఫైనాన్స్ ఇష్టపడి, హెచ్‌ఆర్ లెక్కలు తక్కువని.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం లేదు. 2012లో విశాఖపట్నంలో ఓ ప్రైవేటు సంస్థవాళ్లు ఇంటర్నేషనల్ బిజినెస్ డిప్లొమా అన్నారు. ఏడాది కోర్సు, 45,000. పక్కనే పోర్టు, ఎగుమతుల కంపెనీలు వెతుక్కుంటూ వస్తాయన్నారు. రీయింబర్స్‌మెంటు దానికి వర్తించదు. నాన్న మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే కొడవలి పట్టుకుని తోట వైపు వెళ్లాడు, కొయ్యడానికి కాదు, చెట్ల లావు చూడ్డానికి.

మాకు ఎకరన్నర ఇసకనేల. అందులో సరుగుడు. మా వైపు చాలామంది రైతులకి అదే బ్యాంకు డిపాజిట్టు. నాలుగైదేళ్లు ముట్టుకోకుండా ఉంచితే లావు కర్ర కాగితం మిల్లుకి పోతుంది. మాది అప్పటికి మూడేళ్ల తోట. సన్న కర్ర, ఇళ్లకి శ్లాబులేసేటప్పుడు సెంటరింగు కింద పోటు పెట్టడానికి తప్ప పనికిరాదు. దళారి ఓ చెట్టుని జానతో కొలిచి పెదవి విరిచాడు. మొత్తం తోటకి 62,000 ఇచ్చాడు. పక్క కమతం వాళ్లది మాతో పాటే నాటిన తోట, అంతే విస్తీర్ణం. వాళ్లు 2014లో కొట్టించారు. 1,40,000 వచ్చింది.

డిప్లొమా గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఏడాదిలో ఒకసారి బస్సులో పోర్టు దాకా తీసుకెళ్లారు, గేటు బయట ఫొటో దిగి వచ్చేశాం.

2013లో పైడిభీమవరంలో మందుల కంపెనీలకి కూలీల్ని పంపే ఓ కాంట్రాక్టరు ఆఫీసులో చేరాను, 7,000 జీతం. నాతో ఎంబీఏ చదివినవాడు ఏడాది ముందే అక్కడ చేరాడు, అదే 7,000కి. నేను వెళ్లేసరికి వాడిది 9,500 అయింది, కుర్చీ కూడా ఫ్యాను కింద. రోజూ చిలకపాలెం, సుభద్రాపురం జంక్షన్, రణస్థలం దాటి బస్సులో వెళ్లేవాళ్లం. నా డిప్లొమా సర్టిఫికెట్టు అక్కడ ఎవరూ తెరిచి చూడలేదు. మేనేజరు అడిగింది ఒకటే, “పీఎఫ్ రిటర్ను వెయ్యగలవా?”

2012 ఏప్రిల్ నుంచి పీఎఫ్ లెక్కలు కంప్యూటర్లోకి మారాయి. నెలనెలా కూలీలందరి వివరాలతో ఓ టెక్స్ట్ ఫైలు పెట్టాలి. ఒక్కో మనిషికి ఒక్కో వరస, అంకెకీ అంకెకీ మధ్య హ్యాష్, టిల్డె, హ్యాష్. ఒక్క గుర్తు తప్పితే ఫైలు మొత్తం వెనక్కొచ్చేస్తుంది. యజమాని కట్టే 12 శాతంలో 8.33 పింఛనుకి, మిగతా 3.67 పీఎఫ్‌కి. జీతం పరిమితి 6,500 ఉన్నప్పుడు పింఛను వాటా 541 రూపాయలు దాటేది కాదు. 2014 సెప్టెంబరులో పరిమితి 15,000 అయ్యాక 1,250 అయింది. ఆ నెల నేను మూడు రాత్రులు ఆఫీసులోనే పడుకున్నాను. దాని మీద ఈఎస్‌ఐ వేరే. ఈ పని పట్టుబడ్డాక నా జీతం కదిలింది. ఇప్పుడు నేను సొంతంగా పదకొండు చిన్న సంస్థలకి ఇదే పని చేస్తున్నాను. ఇంటి అప్పు తీరుస్తున్నది ఇదే.

లెక్కలు తక్కువని తీసుకున్న హెచ్‌ఆర్ అన్నం పెట్టిందని మీరనవచ్చు. మాస్లో మెట్లు కాదు, పరీక్షకి ముందు రాత్రి బట్టీ పట్టిన కార్మిక చట్టాల పేపరు ఒక్కటి పనికొచ్చింది. అది కూడా పైడిభీమవరం ముప్పావుగంట దూరంలో ఉంది కాబట్టి. అదే నేను ఏ కోనసీమలోనో ఉంటే కొబ్బరి వ్యాపారి నన్ను పీఎఫ్ అడుగుతాడా? సబ్జెక్టు ఏది గొప్పదని మా గుంట అడుగుతుంది గానీ, బస్సు దూరంలో ఎవరు ఏం కొంటున్నారని అడగదు.

మరి ఇష్టపడి చదివిన ఫైనాన్స్? అది నాకు ఉద్యోగం ఇవ్వలేదు, ఒక బండి ఇచ్చింది. 2015లో మోటార్ సైకిలు కోసం 50,000 అప్పు అడిగితే షోరూంలో కుర్రాడు “తొమ్మిది శాతమే సార్, మూడేళ్లు” అన్నాడు. ఫ్లాటు వడ్డీ. అంటే అసలు తీరుతున్నా మొదటి రోజు 50,000 మీదే మూడేళ్లూ వడ్డీ. 13,500 కలిపి 36 వాయిదాలు, నెలకి 1,764. తగ్గే అసలు మీద లెక్క కడితే 16 శాతం పైచిలుకు. షోరూంలోనే వాళ్ల కాలిక్యులేటరు తీసుకుని కట్టి చూపించాను, అతను టీ తెప్పించాడు గానీ వడ్డీ తగ్గించలేదు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి 11 శాతానికి తెచ్చుకున్నాను. జీతం తేని సబ్జెక్టు కూడా ఇలా ఇంటి డబ్బు ఇంట్లో ఉంచగలదు. అందుకే డిగ్రీ లోపలి మైనరు ఇష్టపడి తీసుకున్నా తప్పు లేదంటాను.

ఇదంతా చెప్పి, మా గుంట కాగితం వెనక నా డిప్లొమా ఖరీదు రాశాను. ఫీజు 45,000. విశాఖలో గది, భోజనం నెలకి 3,500 చొప్పున 42,000. ఆ ఏడాది ఉద్యోగం చేసి ఉంటే వచ్చే జీతం 84,000. మొత్తం 1,71,000. ఇప్పుడు నీ నాలుగో ఏడాదిని ఇలాగే రాయి అన్నాను. బ్యాంకు పరీక్షలకి డిగ్రీ చాలు. ఐసెట్‌కి మూడేళ్ల డిగ్రీ చాలు. బీకాంలో 55 శాతం వస్తే సీఏ ఇంటర్మీడియట్‌కి ఫౌండేషన్ లేకుండా వెళ్లొచ్చు. ఈ మూడింట్లో దేనికీ నాలుగో ఏడాది అక్కర్లేదు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని యూజీసీ 2022 ఏప్రిల్‌లో ఒప్పుకుంది, నిజమే. కానీ దూరవిద్య ఫీజు చేతి డబ్బు, సాయంత్రాలు నీవి. పరిశోధన వైపు వెళ్లాలనుంటే ఆనర్స్ సంగతి వేరు, అది నాకు తెలియని దారి, నీ మేడమ్‌ని అడుగు అన్నాను.

ఆ గుంట నా లెక్కనే చూస్తోంది. పెన్ను తీసి 1,71,000 కింద గీత గీసింది.

“తాత తోట కలపలేదేటి మావయ్యా?”

పన్నెండేళ్లుగా ఈ లెక్క మనసులో వేస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా అది అందులోకి రాలేదు. 1,40,000లోంచి 62,000 తీసేసింది. 78,000. కింద కలిపింది. 2,49,000.

అరుగు మీద జంతికలు నములుతున్న నాన్న తల తిప్పాడు. ఇంతసేపూ వింటున్నాడని నాకు తెలీదు.

“ఒలే గుంటా, ఆ దళారీ కాడ ముందుగానే పదేలు తెచ్చీసినాను. దాని వడ్డీ కూడా రాయే.”