‘మీ’ అనడానికి భయపడ్డా

మా బాపు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర హెల్పర్. రోజూ హత్నూర నుంచి డ్యూటీకి పోయొచ్చేవాడు. అక్కడి షిఫ్ట్ ఇంజినీర్‌కు తెలుగు రాదు. ఏదైనా తేడా వస్తే బాపు ఫోన్లో, “సార్, ప్రెజర్ హై. యు కమ్ ఫాస్ట్” అనేవాడట. రాత్రి అన్నం తింటూ అదంతా చెప్తుంటే నేను నవ్వేవాణ్ని.

నాది తెలుగు మీడియం. ఎనిమిదో తరగతిలో “మీ అండ్ మై ఫ్రెండ్ వెంట్” అన్నందుకు క్లాసంతా నవ్వింది. “మై ఫ్రెండ్ అండ్ ఐ” అనాలన్నారు సారు. ఆయన చెప్పింది కరెక్టే. కానీ నా బుర్రలో మిగిలింది ఒక్కటే: ‘మీ’ అంటే తప్పు, ‘ఐ’ అంటే చదువుకున్నోడి మాట.

అంతే, ఉద్యోగంలో చేరాక కూడా “బిట్వీన్ యు అండ్ ఐ”, “హి టోల్డ్ రవి అండ్ ఐ” అని స్టైల్‌గా చెప్పేవాణ్ని. రెండూ ‘మీ’ రావాల్సిన చోట్లే. మధ్యలో రవిని తీసేసి చూడండి. “హి టోల్డ్ ఐ” అంటామా? మెయిల్లోనేమో “హూమ్ ఈజ్ హ్యాండ్లింగ్ దిస్?” అని రాసేవాణ్ని. జవాబు ‘హి’ అయితే ‘హూ’, ‘హిమ్’ అయితే ‘హూమ్’. ఇక్కడ “హి ఈజ్ హ్యాండ్లింగ్” కాబట్టి ‘హూ’ చాలు.

“డిస్కస్ అబౌట్”, “కజిన్ బ్రదర్” లాంటివి వేరు. మనం ‘గురించి’ చర్చిస్తాం, పెదనాన్న కొడుకుని అన్నా అనే పిలుస్తాం. అవి అమ్మభాషలోంచి వచ్చినవి. నావి మాత్రం భయంలోంచి వచ్చినవి. తప్పు చేయకూడదని మరీ జాగ్రత్తపడి, ఒప్పుగా ఉన్నదాన్ని చెడగొట్టడం అన్నమాట. దీన్నే హైపర్‌కరెక్షన్ అంటారు. తెలుగులో ‘బాధ’కి లేని చోట వత్తు పెట్టి ‘భాద’ అని రాస్తామే, దాదాపు అలాంటిదే.

రెండేళ్ల కింద ఓ రాత్రి రిలీజ్ తర్వాత పేమెంట్ పేజీ ఆగిపోయింది. కాల్‌లో పన్నెండు మంది. డేటాబేస్ కనెక్షన్లు అయిపోయాయని లాగ్‌లో నాకు కనిపిస్తోంది. చెప్పాలి. ‘హావ్ బీన్’ అనాలా, ‘హాడ్ బీన్’ అనాలా? మనసులో వాక్యం కడుతూ, కూలుస్తూ మ్యూట్‌లోనే ఉండిపోయా. నలభై నిమిషాలకు ఇంకొకరు అదే కనిపెట్టారు. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. నాకు తెలుసన్న సంగతి ఎవరికీ తెలీదు.

ఆ వారం ఇంటికెళ్లినప్పుడు బాపుకు చెప్పాను. ఆయన నవ్వలేదు.

“బాయిలర్ కాడ గట్ల ఆలోచించుకుంట కూసుంటే పేల్తది బిడ్డా” అన్నాడు.

ఇప్పుడు నేనూ గ్రామర్ నేర్చుకుంటున్నా, మానలేదు. కాకపోతే మాట్లాడాకే సరిచూసుకుంటా. నా ‘బిట్వీన్ యు అండ్ ఐ’ షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లోని ఒక ఉత్తరంలోనూ ఉందని తెలిశాక మరీ నవ్వొచ్చింది.

మొన్న మళ్లీ సర్వర్ పడింది. మ్యూట్ తీసి, “డిస్క్ ఫుల్. ప్లీజ్ చెక్” అన్నా.

ఐదు నిమిషాల్లో పనైపోయింది. నా గ్రామర్ గురించి ఎవ్వరూ అడగలేదు.